పొడి తువాలు

సాయంత్రం ఆరు కావస్తుండగా, పిల్లల తరగతి ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఈత కొలను గోడకున్న కొక్కేలలో ఒకదానికి తువాలు మిగిలిపోయింది. ఈత మాస్టారు దాన్ని చూడలేదు. రోజూ చేసినట్టే గోడ వెంబడి నడుస్తూ ఒక్కో కొక్కేన్నీ తడుముతూ వచ్చాడు. తలుపు దగ్గరికి చేరబోతుండగా వేళ్లకు గుడ్డ తగిలింది. అది బుడగ అని తను పిలిచే పిల్ల కొక్కెం. మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. మెడకి అతికి ఉన్నాయి కాబట్టి తలకాయల్ని తీసుకుపోతున్నారు గానీ, లేకపోతే అవీ ఇక్కడే వదిలేస్తారు ఈ పిల్లలు అని కొలను మోటారు చూసే బాబాయ్ అనే మాట గుర్తొచ్చి నవ్వబోయాడు కూడా. తువాలు తీసి పిడికిట్లో నొక్కాడు. పొడిగా ఉంది.

మర్చిపోయిన తువాలు తడిగా ఉంటుంది. నీళ్లలోంచి వచ్చిన పిల్ల ఒళ్లు తుడుచుకుంటుంది, తల తుడుచుకుంటుంది, కబుర్లలో పడి తువాలు వదిలేసి పోతుంది. పొడి తువాలంటే ఒళ్లు తుడుచుకోలేదు. ఒళ్లు తుడుచుకోలేదంటే నీళ్లలోంచి రాలేదు. మడత విప్పి లోపలి వైపు తడిమాడు. ఎక్కడా తేమ లేదు, ఇంట్లో మడిచినప్పటి గీత అలాగే ఉంది. బుడగ ఇవాళ వచ్చింది, రాకపోతే తువాలెలా వస్తుంది. బుడగ నీళ్లలో దిగింది, ఈల వేసినప్పుడల్లా పలికింది. ఈల వేస్తే కొక్కేల వరసలో పిల్లలు ఒక్కొక్కరూ తమ పేరు అరవాలి, అది అతను పెట్టిన నియమం. అసలు పేర్లు కాదు, అతను పెట్టిన పేర్లు. పడవ, గోళీ, బుడగ, తోక. పిల్లలకు సరదాగా ఉంటుందని పెట్టారని తల్లిదండ్రులు అనుకుంటారు. మొహాలు పోల్చుకోవడం కష్టమయ్యాక అతను గొంతుల్ని నమ్ముకున్నాడు. ఒక్క గొంతు తగ్గినా తెలిసిపోతుంది. ఇవాళ చివరి ఈలకు ఏ గొంతూ తగ్గలేదు. బుగ్గలు ఊదుకుని అరిచే ఆ ‘బుడగ’ తోక కంటే ముందు వినబడింది. అంటే చివరి ఈల దాకా ఉంది. చివరి ఈల తర్వాత బయటికి రాలేదు.

నీళ్లు అతని వీపు వెనక ఉన్నాయి. తిరగాలి. తిరిగితే చూడాలి. కళ్లున్న మనిషి ఎవరైనా ఈ గట్టు మీద నిలబడి ఒక్కసారి తల వంచితే చాలు, ఉందో లేదో తేలిపోతుంది. అతనికి తేలదు. అరవాలి. మోటారు గదిలో బాబాయ్ ఉన్నాడు, అరిస్తే వస్తాడు, వచ్చి నీళ్లలోకి చూస్తాడు, చూసి, ఏమయ్యా మాస్టారూ, ఇక్కడే నిలబడ్డావుగా, నీకు కనబడలేదా అంటాడు. ఆ ప్రశ్న ఎదురుకాకుండా ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగాడు. అతను అరవలేదు. ముందు తిరిగి చూశాడు. అరవకుండా ఎంతసేపు నిలబడ్డాడో తర్వాత అడిగితే చెప్పలేకపోయాడు.

అతని చూపు ఇప్పుడొక గొట్టం. గొట్టం చివర ఒక వృత్తం. చేయి చాపినంత దూరంలో అది పళ్లెమంత ఉంటుంది, అవతలి గట్టు దగ్గర కిటికీ అంత. వృత్తంలో పడింది చక్కగా కనబడుతుంది, ఈల మీద చెక్కిన అక్షరాలు కూడా చదవగలడు. బయట నలుపు ఉండదు, మసక ఉండదు, ఏమీ ఉండదు. వీపు వెనక ఏముందో ఎవరికైనా నల్లగా కనబడుతుందా, కనబడదు కదా, అలాగ. వృత్తాన్ని లోతు వైపు మూల మీద పెట్టాడు. పలకలు. నీలం, తెలుపు, నీలం. నేల తుడిచేవాళ్లు గుడ్డ జరిపినట్టు ఒక వరస జరిపాడు, దాని కింద ఇంకో వరస. సగంలో గాలి వీచింది, నీళ్లు కదిలాయి, పలకలు వంకర్లు పోయాయి, ఎక్కడిదాకా వచ్చాడో తప్పిపోయింది. మళ్లీ మూల నుంచి. పొద్దు వాలుతోంది, పొద్దు వాలితే గొట్టం ఇంకా సన్నబడుతుంది. అందుకే తరగతిని కాస్త ముందుకు జరపమని అడిగాడు, పిల్లలు తొందరగా ఇంటికెళ్లి చదువుకుంటారని చెప్పాడు, అందరూ మెచ్చుకున్నారు. అబద్ధమాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెచ్చుకుంటూనే ఉన్నారు. అందరికీ నారింజ రంగు టోపీలుండాలన్నాడు, క్రమశిక్షణ అంటే అదీ అన్నారు. మోకాలి నొప్పని చెప్పి స్కూటర్ మానేశాడు, నడక ఒంటికి మంచిదేలెండి అంది భార్య, మోకాలికి నొప్పంట, మెట్లు మాత్రం మేకలా ఎక్కుతారు అని నవ్వింది కూడా. గట్టు మీద ఎవరు పలకరిస్తున్నారో తెలియనప్పుడు అన్ని వైపులకూ తల తిప్పి నవ్వడం అలవాటు చేసుకున్నాడు. నవ్వితే ఎవరూ నొచ్చుకోరు. మాస్టారికి గర్వం లేదు అన్నారు. తెలుపు, నీలం, తెలుపు. ఇదివరకే చూశాడా ఈ వరస?

ఇవాళ దూకడం నేర్పాడు. లోతు వైపు గట్టు మీద పిల్లల్ని నిలబెట్టి, పేరు పిలిచి, ఈల వేసి, ఒక్కొక్కర్నీ దూకించాడు. బుడగా అన్నాడు. నారింజ టోపీ వృత్తంలోకి వచ్చింది, పోయింది, నీళ్లు చప్పుడు చేశాయి. టోపీ పైకి తేలింది. శభాష్ బుడగా అన్నాడు. తేలిందా? తేలింది, చూశాడు, నారింజ టోపీ నిచ్చెన పట్టుకుని ఎక్కడం చూశాడు. ఎవరి టోపీ అది? అన్నీ నారింజవే, తనే కొనిపించాడు. మొన్నటి తరగతిలో ఆ పిల్ల నిచ్చెన పట్టుకుని వేలాడుతూ, దూకితే నేను కిందకి పోతే ఎలా మాస్టారూ అని అడిగింది. పోవు అన్నాడు. మీరు చూస్తూ ఉంటారా అంది. చూస్తూనే ఉంటాను అన్నాడు.

“బాబాయ్!”

అప్పుడు అరిచాడు. గొంతు పగిలి వచ్చింది. గోడ అవతల మోటారు హోరు. కొలను నీళ్లను లాగి, వడకట్టి, తిరిగి వదిలే ఆ మోటారు నడిచినంతసేపూ బాబాయ్‌కి పక్కన పిడుగు పడ్డా వినబడదు. మోటారు నీళ్లను లాగే జాలీ లోతు వైపు అడుగునే ఉంది. జాలీ మీద చెయ్యి పెడితే అంటుకుంటుంది, జుట్టయితే చుట్టుకుంటుంది. బుడగకి రెండు జడలు. టోపీ కింద అవి ఎప్పుడూ సరిగ్గా ఇమడవు, ఎప్పుడూ ఒకటి బయటికి వస్తుంది. మోటారు గదికి వెళ్లాలంటే కొలను చుట్టూ తిరిగి, గొళ్లెం వెతుక్కుని, తలుపు తెరవాలి. నీళ్లు పక్కనే ఉన్నాయి. “బాబాయ్! మోటారు ఆపు!” అని ఇంకోసారి అరుస్తూ, తువాలు బల్ల మీద పడేసి గోడ వైపు చెయ్యి చాపాడు, ఆకులు తీసే వల కర్ర ఉండాల్సిన చోటే ఉంది. ఆ కర్ర చోటు మార్చొద్దని బాబాయ్‌తో ఎన్నిసార్లు పోట్లాడాడో. గట్టు మీద ఏదీ కదలకూడదు. బల్ల కదలకూడదు, బకెట్టు కదలకూడదు, పిల్లలు పట్టుకుని ఈదే నురుగు పలకల బుట్ట కదలకూడదు. నీ కొలనేంటయ్యా, మ్యూజియంలా పెడుతున్నావ్ అనేవాడు బాబాయ్. గట్టును అతను అరికాళ్లతో నేర్చుకున్నాడు. ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, ఎక్కడ పలక విరిగి అంచు గుచ్చుకుంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్లు మూసుకుని టీ పెట్టడం నేర్చుకున్నట్టే, చొక్కా గుండీలు నేర్చుకున్నట్టే, దీన్నీ ఒక్కడే నేర్చుకున్నాడు. ఎవరి సాయమూ అడగలేదు. అన్నిటికీ ఉపాయం దొరికింది. నీళ్ల అడుక్కి ఉపాయం దొరకలేదు.

కర్రను నీళ్లలోకి దించి అడుగున జరిపాడు. పలకల మధ్య గీతలు కర్రలోంచి చేతికి తెలుస్తున్నాయి, టిక్, టిక్, టిక్. ఏమీ తగలకూడదు. తగలాలి, తగిలితే తీయొచ్చు, తీస్తే బతికించొచ్చు, కానీ తగలకూడదు. కర్ర చివర మెత్తగా ఏదో ఆగింది. వృత్తాన్ని అక్కడికి తెచ్చాడు. అడుగున నారింజ రంగు.

దూకాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి, ఈల మెడలో ఉంది. చెవుల్లో నీళ్లు మూసుకున్నాయి. చేతులు ముందుకు చాచి కిందికి పోయాడు, పలక తగిలింది, పలక మీద రబ్బరు తగిలింది. టోపీ. లోపల చెయ్యి పెట్టాడు. ఖాళీ. చుట్టూ తడిమాడు. పలక, పలక, పలక. జాలీ దగ్గరికి పాకాడు, లాగుడు చేతికి తెలిసింది, జాలీ మీద ఒక్కో సందూ వేళ్లతో చూశాడు. ఒక ఆకు. జుట్టు లేదు. గాలి కోసం పైకొచ్చి పీల్చుకుని మళ్లీ పోయాడు. కళ్లు మూసుకున్నాడు. నీళ్లలో కళ్లు తెరవాలా మాస్టారూ అని అడిగింది బుడగ మొదటి రోజు, ముక్కు మూసుకుని, మొహమంతా ముడుచుకుని. తెరవక్కర్లేదు, నేనూ తెరవను అన్నాడు. అది నిజం. నీళ్లలో అతనికి గొట్టం లేదు. పిల్ల కాలు ఆడిస్తే ఆ తోపు పక్కటెముకలకు తగులుతుంది, ఎవరు భయపడుతున్నారో, ఎవరు ఊపిరి బిగబట్టారో చేతి మీద వాళ్ల పొట్ట చెబుతుంది. నీళ్లలో తను ఎవరికీ తీసిపోడు అనుకున్నాడు, ఈ ఒక్క చోట గుడ్డితనం తనని ముట్టుకోలేదనుకున్నాడు, అందుకే గట్టు మీది అబద్ధాన్ని కూడా ఈ నీళ్ల ఖాతాలోనే వేసుకున్నాడు. ఇప్పుడు నీళ్లలో ఏ తోపూ లేదు. మోటారు లాగుడు తప్ప ఏమీ కదలడం లేదు. కదలనిది నీళ్లు చెప్పవు.

ఒక వరస ఈది, తిరిగి, పక్క వరస. చేతులు రెక్కల్లా చాచి, పొట్ట పలకలకు రాసుకుంటూ. ఏ పని చేస్తుంటారు అని అడిగాడు కళ్ల డాక్టర్. మాస్టారినండీ అన్నాడు. మంచిదే, మధ్య చూపు కొంతకాలం ఉంటుంది, చదువుకోవచ్చు, రాసుకోవచ్చు అన్నాడు డాక్టర్, బడి పంతులనుకుని. దిద్దలేదు. ఎంతకాలం అంటే చెప్పలేం అన్నాడు. మీ వంశంలో ఎవరికైనా ఉందా? మేనత్తకి ఉండేది. మేనత్త నడవాలో గోడకి ఆనుకుని కూర్చునేది, మొదట్లో అడుగుల చప్పుడు బట్టి ఎవరో చెప్పేసేది, ఇంట్లో అందరికీ అదో వింత. తర్వాత్తర్వాత ఆవిడ దగ్గర ఆగితే కబుర్లలో పెడుతుందని పెద్దవాళ్లు మెల్లగా దాటిపోవడం మొదలుపెట్టారు, పిల్లలకి అదొక ఆటయింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆవిడ ముందు నుంచి దాటడం. ఎవరది? అనేది మేనత్త. ఎవరూ పలికేవారు కాదు. ఎవరది అమ్మా? ఆ గొంతులో కోపం ఉండేది కాదు. అక్కడెవరో ఉన్నారని ఆవిడకి తెలుసు, ఆ ఉన్నవాళ్లకి తను లేదనీ తెలుసు. అతనికి చీకటంటే భయం లేదు. కళ్లు మూసుకుని టీ పెట్టగలడు. ఆ నడవా అంటే భయం. పలక, పలక. భుజానికి గోడ తగిలింది. తక్కువ లోతు వచ్చేసింది, నడుము లోతు, ఇక్కడ ఎవరూ మునగరు, మునుగుతారు, నీళ్లు ఎంతున్నా మునుగుతారు, అది తనే చెబుతాడు తల్లిదండ్రులకి. పైకి లేచాడు. దగ్గు వచ్చింది. “బుడగా!” అని అరిచాడు. దగ్గాడు. “బుడగా! పలుకు!” అంత పెద్ద గొంతు తనకి ఉందని అతనికి తెలియదు. ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు, లోపల నీళ్లు, ఈల మోగలేదు.

మోటారు ఆగింది.

హోరు పోయాక కొలను చుట్టూ చప్పుళ్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. గట్టు అంచుకి కొట్టుకునే నీళ్లు. అతని మోచేతుల నుంచి కారే చుక్కలు. ఇంకొకటి. గోడ వైపు నుంచి, మెట్ల బెంచీల దగ్గర, చెప్పు నేల మీద రాసుకున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. అక్కడ ఎవరో ఊపిరి బిగబట్టారు. వృత్తాన్ని అటు తిప్పాడు, స్తంభం, బెంచీ అంచు, స్తంభం.

“ఎవరది?” అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక విన్నాడు.

“ఎవరది అమ్మా?”

“నేనే,” అంది బుడగ.

మెట్టు మీద కూర్చున్నాడు. నడుము దాకా నీళ్లు. టోపీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

“ఎప్పట్నుంచి ఉన్నావు అక్కడ?”

“మొదట్నుంచీ.”

“నీళ్లలో దిగలేదా?”

“తిట్టరుగా?”

“తిట్టను.”

“నాకు దూకాలంటే భయమేసింది. అందుకని ఇక్కడ కూర్చున్నా. మీరు నావైపు చూసి నవ్వారు కదా, కూర్చోమన్నారేమో అనుకున్నా.” అడుగులు రెండు దగ్గరికి వచ్చి ఆగాయి. “దూకకుండానే శభాష్ బుడగా అన్నారు. ఎందుకన్నారో తెలీలేదు.”

“మరి ఈలకి పలికావు?”

“నేను కాదు, తోక. బుగ్గలు ఊదుకుని అరిస్తే దానికి నా గొంతే వస్తుంది. ఇంటి దగ్గర ప్రాక్టీసు చేశాం.”

“ఇందాక పిలిచినప్పుడు పలకలేదేం?”

“అట్లా అరుస్తారా ఎవరైనా?” అంది పిల్ల, గొంతులో ఏడుపు మొదలైంది. “మీరు నావైపే చూశారు. చాలాసార్లు. చూసి మళ్లీ నీళ్లలోకి పోయారు. నామీద కోపమేమో అనుకున్నా. మీరు దేనికోసం వెతుకుతున్నారు మాస్టారూ?”

మోటారు గది గొళ్లెం తీసిన చప్పుడయింది. బాబాయ్ మాట ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. “ఏమయ్యా, బట్టలతోనే దిగావా? నువ్వు ఉతుక్కోవు, మీ ఆవిడ చేత ఉతికించుకోవు, నా నీళ్లలో ఉతుకుతున్నావా?” వెనకే చిన్న అడుగులు. తోక అతని మనవరాలు, తరగతి అయ్యాక తాతతోనే ఇంటికి పోతుంది. ఆ పిల్ల వచ్చీ రాగానే, “అదుగో నా టోపీ! షవర్ దగ్గరంతా వెతికా,” అంది. తర్వాత బుడగ మొహం చూసి ఉంటుంది. “చెప్పేశావా?” అంది మెల్లగా.

“ఏం చెప్పేసింది?” అన్నాడు బాబాయ్.

“రెండుసార్లు దూకా తాతా. ఒకటి నాది, ఒకటి దీనిది,” అంది తోక. “మాస్టారు కనిపెట్టలేదు.”

బాబాయ్ నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. గట్టు మీద వల కర్ర పడి ఉంది, మనిషి చెప్పులతో నీళ్లలో కూర్చుని ఉన్నాడు, బెంచీ ముందు పిల్ల పొడిబట్టల్లో నిలబడి ఉంది. బాబాయ్ అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసి ఉంటాడు. చూడటానికి అతనికి ఎంతో సేపు పట్టదు. “అమ్మాయిలూ, మీరిద్దరూ పోయి గేటు దగ్గర కూర్చోండి,” అన్నాడు. అడుగులు దూరమయ్యాయి.

“పిల్ల ఎదురుగానే ఉందిగా,” అన్నాడు బాబాయ్.

“నాకు కనబడదు బాబాయ్.”

“కనబడకపోవడమేంటి?”

“పక్కవి కనబడవు. ఎదురుగా ఇంత మేరే కనబడుతుంది.” చేతివేళ్లు గుండ్రంగా చేసి కంటి ముందు పెట్టి చూపించాడు. ఇంట్లో కూడా ఎవరికీ అలా చూపించలేదు. “ఇంకా తగ్గుతుందన్నారు.”

“ఎప్పట్నుంచి?”

“రెండేళ్లు దాటింది.”

బాబాయ్ గట్టు మీద కూర్చున్నాడు, మోకాళ్లు చప్పుడు చేశాయి. గొంతు పెద్దది చేయలేదు. “నా మనవరాల్ని నీ చేతిలో పెట్టి నేను లోపల మోటారు చూసుకుంటున్నా. మాస్టారున్నాడులే అని. రెండేళ్లు. నువ్వు గట్టు మీద నిలబడి ఎవర్ని చూస్తున్నావయ్యా?”

టోపీలో నీళ్లు వంచేశాడు.

“పిల్ల లోపల ఉండి ఉంటే?” అన్నాడు బాబాయ్.

“ఉందనే దిగాను.”

“అది కాదు నేనడిగేది.”

“తెలుసు.”

గేటు దగ్గర మాటలు వినబడ్డాయి. బుడగ తల్లి వచ్చింది, నడక కాదు, పరుగు. దుకాణం నుంచి బయల్దేరేసరికి ఆలస్యమైందని, బస్సు వెళ్లిపోయిందని, మాస్టారున్నారన్న ధైర్యంతో నడిచి వచ్చానని దూరం నుంచే చెబుతూ, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. “దీన్ని ఇంతసేపు చూసుకున్నారు, మీకు శ్రమ ఇచ్చాను మాస్టారూ,” అంది.

అతను మెట్లెక్కి గట్టు మీదికి వచ్చాడు. నీళ్లు కారుతున్నాయి. తల్లి గొంతు వచ్చిన వైపు తిరిగి, వృత్తంలో ఆమె మొహం పట్టుకునేదాకా ఆగాడు. ముక్కు మీద చెమట ఉంది.

“నేను చూసుకోలేదమ్మా,” అన్నాడు. “మీ అమ్మాయి ఇవాళ నీళ్లలో దిగలేదు, బెంచీ మీద కూర్చుంది. గంటసేపు అక్కడే ఉన్నా నాకు కనబడలేదు. నీళ్లలో మునిగిపోయిందనుకుని వెతికాను. నా చూపు పోతోంది. మీ ఎవరికీ చెప్పకుండా క్లాసు నడిపాను.”

ఆమె మొహం వృత్తంలో కదలలేదు. తర్వాత కిందికి పోయింది, కూతురి దగ్గరికి. బల్ల మీది పొడి తువాలు విదిలించిన చప్పుడు వినబడింది, పొడి పిల్లకి దాన్ని చుట్టబెడుతోంది. “అమ్మా, నేను తడవలేదే,” అంది బుడగ. తల్లి ఆపలేదు.

“ఇన్నాళ్లూనా?” అని అడిగింది.

“ఇన్నాళ్లూ.”

తిడుతుందనుకున్నాడు, తిట్టి ఉంటే నిలబడటం తేలికయ్యేది. అడుగులు గేటు వైపు వెళ్లాయి. వాటి మధ్యలోంచి, “వెళ్లొస్తా మాస్టారూ,” అని పిల్ల గొంతు వచ్చింది, బుగ్గలు ఊదుకోకుండా అన్నది.

బాబాయ్ కర్రను తీసి దాని చోట పెట్టాడు. “రేపు ఆఫీసులో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తాను. నీళ్లలో నేర్పుతాను, గట్టు మీద ఇంకొకర్ని పెట్టమని అడుగుతాను.”

“పెట్టం, ఇంటికి పొమ్మంటే?”

“నాకు తెలీదు బాబాయ్.”

“మీ ఆవిడకి?”

“ఇప్పుడు వెళ్లి చెప్పాలి.”

“ఒక్కడివే ఎలా వెళ్తావ్? ఆగు, నేనూ వస్తా.”

“రోజూ వెళ్లే దారే.”

“రోజూ ఎలా వెళ్తున్నావో ఇప్పుడు తెలిసింది కదా, అందుకే అడుగుతున్నా.”

“వెళ్లగలను,” అన్నాడు. తడి బట్టలు పిండి, పొడి చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు కింది నుంచి పైకి పెట్టుకున్నాడు. సంచీ భుజాన వేసుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. కొక్కేలన్నీ ఒకసారి తడిమాడు. ఖాళీ. బాబాయ్ మోటారు ఆపగానే లైట్లు కూడా ఆర్పేస్తాడు, కరెంటు వృథా అని; ఇవాళ మాటల్లో పడి ఇంకా ఆర్పలేదు. రోజూ అతను ఆ చీకట్లోనే, ఎడమ చేయి గోడకి ఆనించి, అన్నీ కనబడుతున్న మనిషిలా గేటు దాకా నడుస్తాడు. ఇవాళ రెండడుగులు వేసి ఆగాడు.

“బాబాయ్,” అన్నాడు వెనక్కి తిరక్కుండా. “నేను గేటు దాటేదాకా లైట్లు ఉంచుతావా?”

బాబాయ్ జవాబు చెప్పాడో లేదో అతనికి వినబడలేదు. నడిచాడు. గరుకు, నునుపు, విరిగిన పలక, తర్వాత మట్టి. గేటు ఇనుము చేతికి తగిలింది. దాటి, వెనక్కి లాగి, గడియ వేశాడు. ఆ తర్వాత లైట్లు ఆరాయి.